కెజయా అత్త కప్పులు కదిలిన రోజు

కెజయా హెన్‌బెస్ట్ ఎవరింట్లోనూ తలుపుకు వీపు పెట్టి కూర్చోలేదు. ప్రార్థనా మందిరంలో కూడా చివరి బల్ల మీద, గోడకు ఆనుకుని కూర్చునేది. పాస్టరుగారు ముందుకు రమ్మంటే, "ఇక్కణ్ణించి అందరి మెడలూ కనిపిస్తాయి బాబూ. మొహాలు అబద్ధమాడతాయి గానీ మెడలు ఆడవు" అనేది.

మా ఊరు థార్న్ బాటమ్‌లో అందరూ ఆమెను అత్త అనేవారు. అది ప్రేమతో పెట్టిన పిలుపు కాదు. ఎవరైనా ఆ మాట అనకపోతే ఎందుకు అనలేదో వారమంతా ఆలోచించి, ఒక కారణం కనిపెట్టి, ఆ కారణాన్ని ఊరంతా పంచిపెడుతుందని భయం. అరవై దాటిన మనిషి. భర్త పోయి చాలాకాలమైంది. పోయిన భర్త మీద కూడా ఆమెకు కొన్ని అనుమానాలు మిగిలే ఉన్నాయి.

నేను ఆమె ఇంట్లో మేడ మీది గదిలో అద్దెకుండేవాణ్ని. చిన్నప్పుడు జబ్బుచేసి ఒక కాలు సన్నబడిపోవడంతో సైన్యం నన్ను తీసుకోలేదు. ఊరి పక్కన బాంబులు పరీక్షించే మైదానంలో సిమెంటు మోయడానికి మాత్రం ఆ కాలే సరిపోయింది. సాయంత్రాలు ఊరి చదువుగదిలోంచి పుస్తకాలు తెచ్చుకుని చదివేవాణ్ని. అత్త వాటిని వేళ్లతో ఎత్తి దులిపి, లోపల ఏమీ లేదని చూసుకుని తిరిగిచ్చేది. బయటికి వెళ్లేటప్పుడు వంటింటి అలమర తలుపుకు, ఎవరైనా తీస్తే తెలిసేలా, ఒక తెల్ల వెంట్రుక అంటించి వెళ్లేది. నేను జున్ను తినేవాణ్ని. వెంట్రుకను తిరిగి అంటించడం కూడా నేర్చుకున్నాను.

ఇంగ్లండు దక్షిణాన ఉన్న మా న్యూ ఫారెస్ట్ పేరుకే అడవి. సగం చెట్లు, సగం బీడు, నడుమ ఊబులు. మేతహక్కు ఉన్న ఇళ్లవాళ్లు తమ గుర్రాలను ఏడాది పొడుగునా ఆ బీడు మీదే వదిలేస్తారు. అత్తకు అలా ఓ మంద ఉండేది. దానికి పెద్ద డామ్సన్, ఆ పేరుగల పండులా నలుపులో ఊదా మెరిసే ఆడగుర్రం. అది ఎటు నడిస్తే మిగతావి అటు నడిచేవి. అది లేకపోతే మంద చెదిరిపోతుంది. చెదిరిన గుర్రాలు రోడ్డెక్కి సైనిక లారీల కింద పడతాయి. మంద పోతే అత్తకు మిగిలేది ఒక పందీ, ఒక నుయ్యీ, బోలెడు అనుమానాలూ.

యుద్ధం మొదలైన కొత్తలోనే ప్రభుత్వం ఊరికి ఉత్తరాన ఉన్న బీడునంతా కంచెవేసి తీసుకుంది. అడగలేదు. మేతహక్కు రాజుల కాలం నాటిదని పెద్దవాళ్లు గుర్తుచేస్తే, వచ్చిన అధికారి టోపీ సర్దుకుని యుద్ధం ఇప్పటిదన్నాడు. ఆ కంచె లోపలే మేం ఒక పెద్ద కాంక్రీటు కట్టడం కట్టాం. మందమైన కప్పు, కప్పు కింద చీకటి. లోపల ఉండటానికి ఎవరూ రాలేదు. అది ఎందుకో మాకు ఎవరూ చెప్పలేదు, బయట చెప్పొద్దని మాత్రం సంతకాలు పెట్టించుకున్నారు. తెలియని విషయాన్ని దాచిపెట్టడం మా ఉద్యోగం.

ఊళ్లో మాత్రం అందరికీ తెలుసు. బీరు దుకాణంలో రోజుకో కథ నడిచేది.

"రాజుగారి బంగారం దాచడానికిరా అది," అనేవాడొకడు.

"బంగారం దాచిన చోట బాంబులేసుకుంటారా, తిక్కసన్నాసీ?"

"నీలాంటి వెధవ అలా అనుకోవాలనే వేస్తున్నారు."

మూల కూర్చునే అబ్నర్ షెర్‌గోల్డ్ మాత్రం ఏ కథా చెప్పేవాడు కాదు. గుర్రాలూ, బొగ్గు మోసే ఒక పాత లారీ ఉన్న మనిషి. భార్య లేదు. ఒక్కగానొక్క కొడుకు ఎడ్విన్ సరుకు ఓడ మీద పనిచేస్తూ, ఓడతోపాటే అట్లాంటిక్‌లో మునిగిపోయాడు. ముంచింది జర్మన్ జలాంతర్గామి. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. తెలుసు కాబట్టి ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. పైనుంచి విమానం మోత వినబడినప్పుడల్లా అబ్నర్ గ్లాసు దించి, "వెయ్యనీ. ఆ కప్పులు పగిలేదాకా వెయ్యనీ" అనేవాడు. ఏ కప్పులో మాకు అప్పుడు తెలియదు.

తర్వాత నేను చదివి తెలుసుకున్నది ఇది. జర్మన్లు తమ జలాంతర్గాములను రేవుల్లో కాంక్రీటు గుహలు కట్టి దాచేవారు. వాటి కప్పులు ఇంటి ఎత్తు మందం. మామూలు బాంబు పడితే కప్పు మీద గీత పడేది, అంతే. అందుకని మావాళ్లు వేరే రకం బాంబు తయారుచేశారు. గట్టి ఉక్కు తొడుగు, సూదిమొన, గిరగిరా తిరుగుతూ దిగడానికి వంపు తిరిగిన తోకరెక్కలు. అది నేలకు తగలగానే పేలదు. మట్టిలోకి చాలా లోతు దిగి, అక్కడ ఆగి, అప్పుడు పేలుతుంది. కట్టడాన్ని కొట్టనక్కర్లేదు. పక్కన పడితే చాలు. కింద నేల అదిరి గుల్లవుతుంది, పైనున్నది తన బరువుతో తనే కూలుతుంది. మేం మోసిన సిమెంటంతా ఆ శత్రువు గుహకు నకలు. దీన్ని కనిపెట్టినవాళ్లకు బిరుదులొచ్చాయి. సిమెంటు మోసినవాళ్లకు దగ్గొచ్చింది.

1944 సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం అత్తా నేనూ వంటింట్లో టీ తాగుతున్నాం. ఆ రోజు నాకు పని లేదు. విమానం చప్పుడు వినిపించింది. తర్వాత మామూలుగా వచ్చే పేలుడు రాలేదు. కానీ బల్లమీది కప్పులు సాసర్ల మీద గలగలమన్నాయి. అలమరలోని పళ్లేలు ఒకదానికొకటి తగిలాయి. నా కుర్చీ కాళ్లలోంచి ఏదో పాకి వెన్నులోకి వచ్చింది. ఆ వెంటనే అంతా సద్దుమణిగింది. బయట పక్షులు కూడా లేవలేదు.

మర్నాడు మైదానంలో మాకు చెప్పింది ఒకటే మాట. నిన్నటి బాంబు పేలలేదు. ఉత్తిదే దిగబడింది. దాని గురించి ఎవరూ మాట్లాడక్కర్లేదు. నేను అదే మాట అత్తకు చెప్పాను.

"పేలలేదా?" అంది అత్త, చేతిలోని కత్తి ఆపి. "పేలకపోతే నా కప్పులెందుకు కదిలాయిరా?"

"బరువైన బాంబు కదత్తా, పడిన అదురుకి కదిలుంటాయి."

"నీకెవరు చెప్పారు?"

"ఆఫీసరు."

"ఆఫీసరు మెడ చూశావా?"

"చొక్కా కాలరు ఉంది."

"అదే మరి," అని ఆమె మళ్లీ బంగాళాదుంపలు కోసుకుంది.

ఆ ఒక్క నిమిషం ఆమె అనుమానం సరిగ్గా పోవలసిన చోటికే పోయింది. అక్కడే నిలబడి ఉంటే బాగుండేది. కానీ ఆఫీసర్ల మీద అనుమానం పెట్టుకుంటే చేయగలిగింది ఏమీ లేదు. పక్కింటివాడి మీద పెట్టుకుంటే చేయడానికి చాలా ఉంటుంది.

ఆ వారంలోనే డామ్సన్ కనబడకుండా పోయింది. మిగతా గుర్రాలు కంచె పక్కన గుంపుగా నిలబడి ఒకటే సకిలింపు. కంచెలో ఒకచోట తీగ తెగి ఉంది. అత్త బీడంతా తిరిగింది. చెట్లకింద చూసింది, వాగులు చూసింది, ఊబుల అంచులు చూసింది. ఊరివాళ్లు కూడా వెతికారు. కంచె లోపల మాత్రం ఎవరూ వెతకలేదు. కాపలావాళ్లు రానివ్వరని కాదు. ఆ లోపల ఉన్నవి బాంబు గుంతలే కాబట్టి. అడవిగుర్రం చెడ్డనేల మీద కాలు పెట్టదని మావాళ్ల నమ్మకం. పొగమంచులో దారితప్పిన మనిషి గుర్రం అడుగుజాడ పట్టుకుని ఊబి దాటి ఇంటికి చేరతాడు. మా తాతలూ వాళ్ల తాతలూ అలాగే చేరారు. ఎంతో వయసొచ్చిన డామ్సన్ గుంతలో పడిందని అనడం, పాస్టరుగారు ప్రార్థన మరిచిపోయాడని అనడం లాంటిది. అంచేత గుర్రం పడలేదు. పడకపోతే ఎవరో ఎత్తుకుపోయారు.

ఎత్తుకుపోవడం వింతేమీ కాదు. పక్క పట్నం సౌతాంప్టన్‌లో మాంసం దొరక్క, గుర్రపు మాంసానికి దొంగ బేరగాళ్లు ఎదురుచూసే రోజులవి. అక్కడికి వారం వారం లారీ తోలేది మా ఊళ్లో అబ్నర్ ఒక్కడే. పైగా ఆ వారమే అతని కాళ్లకు కొత్త బూట్లొచ్చాయి.

"నల్ల బూట్లు," అంది అత్త. "మందపాటి అడుగు. రేషన్ కూపన్లకి దొరికేవి కావు. అవి నా డామ్సన్‌రా. నా డామ్సన్‌ని కాళ్లకి తొడుక్కుని తిరుగుతున్నాడు వాడు."

ఆమె ఆ మాట నాతో అంది, పాలవాడితో అంది, మందిరం గుమ్మంలో అంది. చివరికి అందరూ అబ్నర్ మొహం మానేసి అతని కాళ్లు చూడ్డం మొదలుపెట్టారు. అతను అడిగినవాళ్లకు చెప్పే రకమే, కానీ ఎవరూ అడగలేదు. మా ఊళ్లో నింద వేసేవాడు ఎదుటివాణ్ని ప్రశ్న వేయడు. వేస్తే జవాబు వస్తుంది.

శరదృతువులో గుర్రాలను దొడ్లోకి తోలే రోజు వచ్చింది. ఏడాదికొకసారి అందరూ గుర్రాలెక్కి, వరసకట్టి, బీడంతా జల్లెడపట్టి, మందలను దొడ్లోకి తోలి, కొత్తపిల్లలకు ఎవరి ముద్ర వాళ్లు వేసుకుంటారు. లెక్కచూసే అధికారి వేర్‌హామ్ ఒక్కో గుర్రం తోక వెంట్రుకలను తన పద్ధతిలో మెట్లుగా కత్తిరిస్తాడు. తోక చూస్తే చాలు, అది ఎవరి పరిధిలోదో, ఆ ఏటి రుసుము కట్టారో లేదో తెలుస్తుంది. మందను తోలడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఎడమనుంచి ఒకడు తోలితే కుడినుంచి ఇంకొకడు అడ్డుపడాలి.

అబ్నర్ మంద ఎదురొచ్చినప్పుడు ఎవరూ అడ్డుపడలేదు. కళ్లాలు వదులుచేసి, చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డారు. అతను ఒక్కడే అటూ ఇటూ పరుగెత్తాడు. గుర్రాలు అతని రెండు పక్కలనుంచీ నీళ్లలా జారిపోయాయి. సాయంత్రానికి అతని గుర్రప్పిల్లల్లో ఒక్కదానికీ ముద్ర పడలేదు. ముద్రలేని పిల్ల ఎవరిదైనా కావచ్చు.

"ఇదేం పద్ధతయ్యా?" అన్నాడు అతను, ఒగరుస్తూ.

అత్త దొడ్డి గేటు మీద మోచేతులానించి, "బూట్లు బరువుగా ఉన్నట్టున్నాయి, అబ్నర్" అంది.

మనిషిని ఎదురుగా కొట్టనక్కర్లేదు. ఆ చలికాలమంతా అబ్నర్ నడుస్తుంటే అతని కింద నేల ఉన్నట్టు నాకు అనిపించలేదు. బొగ్గు అడిగేవాళ్లు తగ్గారు. బీరు దుకాణంలో అతను కూర్చునే మూల చుట్టూ బల్లలు ఖాళీగా ఉండేవి. మార్చి చివర, కౌళ్లూ అద్దెలూ తేల్చుకునే లేడీ డే నాటికి మేతహక్కు వదులుకుని సాల్స్‌బరీలో బంధువు దగ్గరికి పోతున్నాడని తెలిసింది. అది విని అత్త, "చూశారా, పారిపోతున్నాడు" అంది. వెళ్లకుండా ఉన్నన్నాళ్లూ కొవ్వెక్కి ఉన్నాడని అనేది. ఆమె లెక్కలో అతనికి బయటపడే దారి లేదు.

మార్చి నడుమ ఒక ఉదయం, అద్దాలు పగలకుండా కిటికీలు తెరిచిపెట్టుకోమని ఊరంతా చాటించారు. ఆ రోజు పడింది అన్నిటికన్నా పెద్దది, పదివేల కిలోల బరువైనది. దాన్ని మోసుకొచ్చిన విమానానికి పొట్ట తలుపులు మూసుకోవని ముందే ఊడదీసేశారు. ఈసారి మా కప్పులు కదలడం కాదు, అలమర నడిచింది. పొగ కాదు, నేలే పైకి లేచినట్టు లేచింది. తర్వాత చూస్తే ఆ గుంతలో మా ప్రార్థనా మందిరం కప్పుతో సహా పట్టేది. ఆ మర్నాడే జర్మనీలో అలాంటిదొకటి పడి పెద్ద రైలువంతెన కూలిందని తర్వాత పేపర్లు రాశాయి. సరిగ్గా తగల్లేదట, పక్కన పడిందట, అయినా కూలిందట. చదివి అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

గుంత కొలవడానికి టేపు పట్టుకోమని నన్ను పంపినప్పుడే ఇంకొకటి చూశాను. కంచె తెగిన చోటుకు కొంచెం లోపల, ముళ్లపొదల మధ్య ఒక నీటిమడుగు ఉండేది. పాత గుంతల్లో ఒకటని ఎవరూ పట్టించుకోలేదు. ఆ మడుగులో ఇప్పుడు నీళ్లు లేవు. పెద్దబాంబు అదురుకి అడుగున బంకమట్టి పగిలి నీళ్లన్నీ ఇంకిపోయాయి. వంగి చూస్తే అది గుంతలా లేదు. మూతి చిన్నది, లోపల కడుపు పెద్దది, కుండలా ఉంది. పైనుంచి పడ్డ బాంబు చేసిన గుంత పళ్లెంలా వెడల్పుగా ఉంటుంది. ఇది నేల లోతున పేలిన బాంబు తొలిచిన గుల్ల, పైన గడ్డి పొర మాత్రం ఏదో బరువు పడేదాకా అలాగే నిలిచింది. అడుగున బురదలో ఊదారంగు చర్మం, దాని పక్కన తోక. తోక ఎడమవైపు రెండు మెట్లుగా, వేర్‌హామ్ పద్ధతిలో, కత్తిరించి ఉంది.

ఇంటికెళ్లి అత్తకు చెప్పాను. ఆమె కోటు వేసుకుంది. వెంట్రుక అంటించడం మరిచిపోయింది.

మేం వెళ్లేసరికి మీసాలు సరిగ్గా మొలవని ఒక ఆఫీసరు పరుగెత్తుకొచ్చాడు. "ఏయ్, మీరు లోపలికి ఎలా వచ్చారు?"

"నా గుర్రం వచ్చిన దారినే," అంది అత్త.

"ఇది నిషిద్ధ ప్రాంతమమ్మా."

"దానికి చదువు రాదు నాయనా. బోర్డు చదవలేకపోయింది."

ఆమె బోర్లా పడుకుని అంచునుంచి లోపలికి చూసింది. చేత్తో అంచుమీది నేలను తట్టింది, మళ్లీ తట్టింది. పైన గడ్డి, ఎండిన మట్టి. బురద వాసన లేదు, తడి లేదు, ఊబిలా ఊగడం లేదు. డామ్సన్‌కు తెలిసిన ఏ గుర్తూ అక్కడ లేదు.

"పేలలేదన్నారుగా," అంది ఆఫీసరుతో, పడుకునే.

అతను ఎర్రబడ్డాడు. "పైకి ఏమీ రాలేదు. పైకి రానిది కొలవడం మా పని కాదమ్మా."

ఆమె లేచి మోకాళ్లు దులుపుకుంది. ఇప్పుడు ఏడుస్తుంది అనుకున్నాను. ఆమె కళ్లు చిన్నవి చేసి, "అబ్నర్ దీన్ని ఇటు తోలి ఉంటాడా?" అంది.

నాకు ఒళ్లు మండింది. "చంపుకుని మాంసం అమ్ముకునేవాడు గుంతలో పారేస్తాడా అత్తా? నీకు గుర్రం కావాలా, దొంగ కావాలా?"

ఆమె ముళ్లపొదలోంచి ఒక కర్ర విరిచి, ఇంటిదాకా దానితో నేలను కొట్టుకుంటూ నడిచింది. గుమ్మంలో ఆగి, నావైపు చూడకుండా, "కప్పులు కదిలాయిరా. ఆ రోజే నాకు తెలియాలి" అంది.

మర్నాడు ఆమె డామ్సన్ కూతురైన పడుచు గుర్రాన్ని తీసుకెళ్లి అబ్నర్ గేటుకు కట్టి వచ్చింది. మందలో దానికన్నా మంచిది లేదు. మధ్యాహ్నానికి అది మా గేటు దగ్గరుంది. అత్త మళ్లీ కట్టి వచ్చింది. గుర్రం మళ్లీ తిరిగొచ్చింది. తిప్పి పంపుతున్నది అబ్నరే.

లేడీ డే ఉదయం ఆమె గుర్రంతోపాటు అధికారి వేర్‌హామ్‌ను కూడా లాక్కెళ్లింది. వెనక నేను ముద్రవేసే ఇనుమూ, బొగ్గుల కుంపటీ మోసుకుంటూ నడిచాను. అబ్నర్ గుర్రపుబండి మీద సామాను కట్టి ఉంది. మంచం, బల్ల, కోళ్లగంప. గొడవ వాసన తగిలి ఊరివాళ్లు కూడా గేటు చుట్టూ చేరారు.

"మళ్లీ ఏం కావాలి?" అన్నాడు అబ్నర్.

"ఇది నీది. నీ ముద్ర వెయ్యి."

"ఎందుకు?"

"డామ్సన్ దొరికింది. బాంబు గుల్లలో పడింది. నువ్వు తియ్యలేదు."

అబ్నర్ ఆమెను కిందనుంచి పైదాకా చూశాడు.

"ఓహో. ఇవాళ నేను ముద్ర వేస్తా. రేపు నీ గుర్రం నా దొడ్లో ఉందని పోలీసుని తీసుకొస్తావు. కెజయా, నలభై ఏళ్లుగా చూస్తున్నా నిన్ను."

"అందుకే వేర్‌హామ్‌ని తెచ్చా."

"ఆయన నీకు పిన్నికొడుకు."

"నాకూ ఆమెంటే పడదయ్యా," అన్నాడు వేర్‌హామ్ అలసటగా. "పైగా ఇది ముద్రలేసే కాలం కాదు. త్వరగా తేల్చండి, నా చేతులు గడ్డకడుతున్నాయి."

అబ్నర్ కదల్లేదు. "గుర్రం వద్దు. నన్ను ఒక్కటి అడుగు. ఆర్నెల్లు ఊరంతా చూశారు, ఒక్కరూ అడగలేదు. అది అడుగు."

అత్త అతని కాళ్లవైపు చూసింది. ఆ ప్రశ్న వేయడం ఆమెకు ఎంత కష్టమో ఆమె మెడలో నరం చెప్పింది.

"ఆ బూట్లు ఎక్కడివి, అబ్నర్?"

"ఎడ్విన్‌వి. లివర్‌పూల్‌లో వాడు అద్దెకున్న ఇంట్లో వదిలేసి ఓడెక్కాడు. ఆ ఇల్లావిడకి నా చిరునామా దొరికేసరికి ఇన్నాళ్లు పట్టింది. నాకు ఒక సైజు పెద్దవి."

అత్త కుంపట్లోంచి ఇనుము తీసి, పిడి అతనివైపు తిప్పి పట్టుకుంది. అతను దాన్నీ, ఆమెనూ మార్చి మార్చి చూశాడు. చివరికి అతను అందుకున్నాడు. వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది. గుర్రం ఒక్కసారి తన్ని, నిలబడింది.

అంతటితో అతను నమ్మేశాడనుకోకండి. బండికి కట్టిన గుర్రాన్ని విప్పాడు గానీ సామాను దింపలేదు. వేసవంతా ఆ బండి అలాగే పెరట్లో నిలబడింది. మంచం మీద వాన కురిసింది, బల్ల మీద కోళ్లు గుడ్లు పెట్టాయి. ఈ లోపు యుద్ధం అయిపోయింది, ఊళ్లో మంటలు వేసి నాట్యాలు చేశారు, బండి కదల్లేదు. ఆ దారిన పోతూ అత్త రోజూ దాన్ని చూసేది. "ఎప్పుడైనా పోవచ్చని పెట్టుకున్నాడు. నేనైనా అంతే చేసేదాన్ని" అనేది. అందులో మెచ్చుకోలు ఉండేది. పొడినేల మీద కూడా కర్రతో తట్టకుండా ఆమె మళ్లీ అడుగు వేయలేదు.

శరదృతువులో మళ్లీ తోలే రోజు వచ్చింది. అబ్నర్ కుడివైపు నుంచి తోలాడు. ఎడమవైపు అత్త తన గుర్రాన్ని అడ్డంగా నిలిపి, జేబుల్లో చేతులున్నవాళ్ల మీద కేకలేసింది. "తియ్యండిరా చేతులు! ఏం దాచారు అందులో?" చేతులు బయటికొచ్చాయి. నిరుటి పిల్లలతో సహా అతని మందంతా దొడ్లోకి వచ్చింది.

ఆ సాయంత్రం అబ్నర్ నన్ను పిలిచి బండి మీది సామాను దింపడానికి సాయం పట్టమన్నాడు. మంచం దిగింది. బల్ల సొరుగు మాత్రం వానకు ఉబ్బిపోయి ఎంత లాగినా రాలేదు. గోడ అవతలనుంచి అత్త గొంతు వినిపించింది.

"అందులో ఏముందిరా?"

"నీకెందుకే?" అని అబ్నర్ సొరుగును ఇంకోసారి గట్టిగా లాగాడు.